ఎనభై ఏడో మాట

కిష్టమ్మ మాటలు మా దగ్గర నలభై టేపుల నిండా ఉన్నాయి. ఆమె అనని మాట ఒక్కటుంది. ఆ ఒక్కదాని కోసం నేను ఆమె మీద కేకలేశాను, మా మాస్టారితో వాదన పెట్టుకున్నాను, నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. నోరు పెద్దది, చెవులు చిన్నవి. భాష మీద పరిశోధన చేస్తానని బయల్దేరిన మనిషికి అంతకంటే చేటు లేదు గానీ, ఆ సంగతి అప్పుడు నాకెవరు చెబుతారు?

నా పేరు కనకలక్ష్మి. మాది రేపల్లె దగ్గర చిన్న ఊరు. డెబ్బై అయిదులో హైదరాబాదు వచ్చి, కొత్తగా పెట్టిన ఒక యూనివర్సిటీలో, భాషల విభాగంలో పరిశోధనకు చేరాను. యూనివర్సిటీ అనగానే మీరు మేడలు ఊహించుకోకండి. గోపన్‌పల్లి పక్కన రాళ్లూ తుప్పలూ ఉన్న మహా మైదానం, దాని మధ్య నాలుగు రేకుల షెడ్లు. అందులో ఒకటి మాది. నేను హఫీజ్‌పేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. పొద్దున్నే రైలెక్కి లింగంపల్లిలో దిగడం, అక్కణ్నుంచి నడక. దారి పొడుగునా ఎటు చూసినా రాళ్లే. ఏనుగంత రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉండేవి. మా వైపు బట్టలు ఉతుక్కోవడానికి రాయి కావాలన్నా పక్క ఊరి నుంచి బండి మీద తెచ్చుకోవాలి. మొదటి రోజు వాటి కింద నుంచి నడవడానికి భయపడి, చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరాను. వచ్చీ రాగానే చీవాట్లు తిన్నాను.

చీవాట్లు పెట్టింది మా ప్రొఫెసర్ విశ్వేశ్వరరావుగారు. మేమంతా మాస్టారూ అనేవాళ్లం. పట్నం ఇటువైపు పాకి ఈ పల్లెల్ని మింగేసేలోపు ఇక్కడి మాటలన్నీ టేపుల మీదికి ఎక్కించాలని ఆయన పట్టుదల. మూడు వందల మాటల జాబితా తయారు చేశారు. ఊరి మనిషిని ఒకరిని కూర్చోబెట్టి, ఒక్కొక్క వస్తువునూ చూపించి, దాన్ని ఏమంటారో పలికించాలి. ఆపైన కబుర్లు చెప్పించి, ఆ మాటలు మామూలుగా ఎలా దొర్లుతాయో రికార్డు చేయాలి. అదే మనిషి రోజూ గంటసేపు, ఢిల్లీ నుంచీ కలకత్తా నుంచీ వచ్చి తెలుగు నేర్చుకుంటున్న విద్యార్థులతో మాట్లాడాలి. అలాంటి మనిషిని వెతికి పట్టుకోవడం నాకు అప్పజెప్పిన పని.

నేను వెతకలేదు. మా షెడ్డులో కుండలకు నీళ్లు పోయడానికి ఒకావిడ వచ్చేది. నలభై అయిదేళ్లుంటాయి, బక్కపల్చని మనిషి, నుదుట రూపాయంత బొట్టు. ఒకరోజు ఎవరిదో మేక లోపలికొచ్చి నా నోట్సులో రెండు పేజీలు నమిలేసింది. ఆవిడ దాన్ని తరుముతూ తిట్టిన తిట్లు విని, నేను కలం పట్టుకుని ఆవిడ వెనకాల పరిగెత్తాను. తిరిగి చూసి ఆగిపోయింది.

"ఏంది పంతులమ్మా! మేకను దిడితే నువ్వెందుకు ఉరుకుతున్నవ్?"

అలా దొరికింది కిష్టమ్మ.

పనిలో చేర్చుకునేటప్పుడు గుమాస్తా ఒక కాగితం నింపాడు. పేరు, ఊరు, వయసు అయ్యాక భర్త పేరు అడిగాడు. "మా ఎల్లేశం నాయిన" అంది కిష్టమ్మ. గుమాస్తా తొందరలో ఉన్నాడేమో, తలెత్తకుండా 'ఎల్లేశం' అని రాసుకున్నాడు. ఎల్లేశం ఆమె పెద్దకొడుకు. బాలానగర్‌లో ఏదో కార్ఖానాలో పనిచేసేవాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకూ ఏమీ తట్టలేదు.

ఇక ఆ తర్వాత ఏడాదిన్నర నేను చూసిందీ విన్నదీ ఎలా చెప్పను? ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ వాన గురించి చెప్పమంటే పదకొండు రకాల వానలు చెప్పింది. ఒక్కొక్కటి ఎప్పుడొస్తుంది, ఏ చేనుకు మంచిది, దేనికి చెరుపు, అది పడేటప్పుడు చూరు కింద నిలబడితే కాళ్ల మీద ఎంతవరకు తడుస్తుంది, అన్నీ చెప్పింది. నేను అడిగిన మాట ఒకటైతే దాని చుట్టాలన్నిటినీ వెంటబెట్టుకొచ్చేది. జొన్న కంకి పాలు పట్టిన దగ్గర్నుంచి రొట్టె అయ్యేదాకా మధ్యలో ఎన్ని పేర్లు మారుతుందో విని, మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. విశ్వవిద్యాలయంలో చదువుకున్నది మేమూ, నోరు తెరుచుకుని వినేదీ మేమే.

విద్యార్థులకు ఆమె పాఠం చెప్పే తీరు వేరు. మేము నల్లబల్ల మీద క్రియలు రాసి వాళ్లను చంపుతుంటే, ఆమె వాళ్లను బయటికి తోలుకుపోయేది. చేతికి చేద ఇచ్చి నీళ్లు తోడించేది. తోడుతూ ఉండగానే తాడును ఏమంటారో, గిలకను ఏమంటారో చెప్పించేది. కలకత్తా పిల్ల ఒకతి ఆరు నెలలుగా మా దగ్గర నోరు విప్పనిది, కిష్టమ్మతో చాటలో బియ్యం చెరుగుతూ ఒకనాడు, "ఇంక జర పోస్తవా అమ్మా?" అంది. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఏడుపొచ్చింది, కుళ్లు కూడా వచ్చింది. ఉన్న మాట చెబుతున్నాను.

జాబితాలో ఎనభై ఏడో వస్తువు దగ్గరికి వచ్చాం. షెడ్డు కిటికీలోంచి కనబడే పెద్ద గుండ్రటి రాయి. దాని వైపు చూపించి, "ఇట్లాంటి దాన్ని మీ ఊళ్లో ఏమంటారు?" అని అడిగాను.

కిష్టమ్మ ఒక్క క్షణం ఆగింది. "కూసున్నది" అంది.

"కూసున్నది అంటారా?"

"కూసోలేదా మరి? సూడు, ఎట్ల కూసున్నదో."

ఆ తర్వాత కబుర్లలో కూడా ఆమె ఎప్పుడూ అదే మాట వాడేది. 'కూసున్నదాని పక్కపొంటి బాట', 'కూసున్నదాని మీద వడ్లు ఆరబోసినం', అలా. నేను ఎగిరి గంతేశాను. ఏ నిఘంటువులోనూ లేని మాట! ఆడవాళ్ల నోట మాత్రమే బతికున్న పాత మాటేమో అని ఊహించి, దాని మీద ఇరవై పేజీలు రాశాను. ఇంకొకరిని అడిగి చూద్దామన్న జ్ఞానం నాకు లేకపోయింది. ఎండలో ఊరంతా తిరగడానికి బద్ధకం, దొరికిన వజ్రాన్ని ఇంకెవరైనా గాజుపెంక అంటారేమోనని భయం. రెండూ ఉన్నాయి.

డెబ్బై ఏడు ఫిబ్రవరిలో మా విభాగంలో సదస్సు జరిగింది. వేరే ఊళ్ల నుంచి పెద్దలొచ్చారు. నేను 'కూసున్నది' మీద వ్యాసం చదివాను. చప్పట్లు కొట్టారు. మాస్టారు గర్వంగా అటూ ఇటూ చూశారు. వ్యాసం అయ్యాక చాయ్ ఇచ్చారు. ఇచ్చింది కిష్టమ్మ ఊరు గోపన్‌పల్లికే చెందిన సత్తెమ్మ. సదస్సు కోసమని ఆ రెండు రోజులకు పిలిపించాం. పట్టాభిరామయ్యగారని తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన గ్లాసు అందుకుంటూ, ఆ కిటికీ బయటి రాయిని చూపించి, "దీన్ని మీరేమంటారమ్మా?" అని అడిగారు.

"గుండు" అంది సత్తెమ్మ.

"కూసున్నది అనరూ?"

సత్తెమ్మ అయోమయంగా చూసింది. తర్వాత ఏదో వెలిగి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో సారూ, గుండును గుండు అనక ఇంకేమంటరు? ఊరంత గుండే అంటది. గట్లనేది కిష్టమ్మ ఒక్కతే. ఆమె పెనిమిటి పేరు గుండయ్య గద! మొగని పేరు నోట్లెకెల్లి ఎట్ల తీస్తది?"

గదిలో అందరూ విన్నారు. పట్టాభిరామయ్యగారు చాయ్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. నవ్వాపుకోవడానికే అయ్యుంటుంది. భూమి నోరు తెరిస్తే బాగుండు అంటారే, ఆ మాట నాకు అప్పుడు అర్థమైంది.

అందరూ వెళ్లిపోయాక మాస్టారు నన్ను పిలిచారు. ఆయన కోపం ఎప్పుడూ మెల్లగా వస్తుంది.

"ఆవిడ మాట సహజమైన మాట కాదమ్మా. ఊరి మాటను మార్చి చెప్పింది. ఇంకెన్ని మార్చిందో మనకేం తెలుసు? ఇప్పుడు ఆ నలభై టేపుల్లో దేన్ని నమ్మాలి?"

నేను తలొంచుకున్నాను.

"కొత్త టేపులు ఎంత కష్టపడితే వస్తాయో నీకు తెలుసు. వచ్చే సోమవారం ఆ నలభై చెరిపేసి, వాటి మీదే సత్తెమ్మ చేత మొదట్నుంచీ మొదలుపెట్టు. లేదూ, ఆవిడ చేత ఆ మాట ఒక్కసారి మైకులో అనిపించు. ఊరి మాట ఇదీ అని ఆవిడ నోటితో ఒప్పుకుంటే తక్కినవి ఉంచుకుందాం."

ఆయనను తప్పుపట్టలేను. మా దగ్గర అదే పద్ధతి. టేపు కొరత వల్ల, పనికిరాదనుకున్న గొంతు మీద ఇంకో గొంతు ఎక్కించడం మామూలే. నలభై గంటల కిష్టమ్మా, ఒక్క మాటా. ఏది ఉంటుందో నేను తేల్చాలి.

మర్నాడు ఆమె నీళ్లకుండ దించీ దించకముందే మీద పడ్డాను. ఎందుకు అబద్ధం చెప్పావు, నా పరువు తీశావు, ఇరవై పేజీలు రాశాను, అంటూ కేకలేశాను. ఆమె అంతా విని కుండ మీద మూత సర్దింది.

"అబద్ధం ఎప్పుడాడిన పంతులమ్మా? కూసున్నది అంటి. అది కూసునే ఉన్నది గద. నువ్వు అనని మాట ఏమన్న ఉన్నదా అని అడిగితె, ఉన్నదని చెప్తుంటి. నువ్వు అడగలె."

నిజమే, అడగలేదు.

టేపులు చెరిపేస్తారని చెప్పేసరికి మాత్రం ఆమె ముఖం మారింది. గోడకు ఆనుకుని కూలబడింది. "అన్ని పోతయా? మా అవ్వ చెప్పిన కతలు గూడ? విత్తనాల పేర్లు? అవి ఇగ ఎవ్వరికి యాదికి లేవు బిడ్డా. నాతోనే పోతయని, మొత్తం తెచ్చి అండ్ల పోసిన."

ఎప్పుడూ పంతులమ్మా అనేది, ఆ రోజు మొదటిసారి బిడ్డా అంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. "ఒక్కసారి అంటే చాలు కిష్టమ్మా, ఒకే ఒక్కసారి" అని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం ఆమె వెంట గోపన్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లాను. భర్త చెబితే వింటుందేమోనని నా ఆశ. గుండయ్య వాకిట్లో కూర్చుని సుత్తికి కొత్త పిడి వేసుకుంటున్నాడు. బండలు కొట్టే మనిషి. మా యూనివర్సిటీ పునాదుల్లో రాయి సగం ఆయన చేతి మీదుగా వచ్చిందే. ముప్పై ఏళ్లు మందుగుండు పేలుళ్ల పక్కన పనిచేసి చెవులు దాదాపు పోయాయి. నేను ఆయన చెవి దగ్గర అరిచి విషయం చెప్పాను. విని పెద్దగా నవ్వాడు.

"గింత దానికే పరేషానా? ఏమే, అనరాదూ! నాకైతే చెవులే లెవ్వు. నువ్వన్నా నాకు ఇనబడది."

కిష్టమ్మ పొయ్యి దగ్గర్నుంచి గట్టిగా, ఆయనకు వినపడేట్టు అంది. "నీకు ఇనబడకపోతె ఏమాయె? యమునికి ఇనబడదా?"

గుండయ్య నవ్వు ఆపేశాడు. సుత్తి పక్కన పెట్టాడు. నా వైపు తిరిగి, "అనది బిడ్డా. నాకు ఎరికే. రాతితోని కొట్లాడి బతికినోన్ని నేను. నా ఆయుష్షుకు కావలి ఉన్నదామె" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆ ముసలాయన ముఖం చూడాల్సింది. ఏ పెళ్లికొడుకు ముఖంలోనూ అంత గర్వం నేను చూడలేదు.

సోమవారానికి నాలుగు రోజులుంది. ఏం చేయాలో తోచక షెడ్డులో కూర్చుని మొదటి టేపు నుంచీ మళ్లీ వినడం మొదలుపెట్టాను. చెరిపేసే ముందు ఒకసారి విందామనే తప్ప, వేరే ఆలోచన ఏమీ లేదు.

పదో టేపు దాటేసరికి సంగతి తెలిసింది. ఆమె ఆ మాట ఒక్కటే కాదు, దాని పోలిక ఉన్న ఏ మాటా అనలేదు. చొక్కా గుండీ అనాల్సిన చోట 'బొత్తాం' అంది. అది మా కోస్తా మాట. నా దగ్గర విని పట్టుకుందని అప్పట్లో మురిసిపోయి, ఒక పేజీ రాసుకున్నాను కూడా. పిల్లవాడికి గుండు కొట్టించారు అనడానికి 'ఎంటికలు ఇచ్చినం' అంది. గుండె అనాల్సిన చోటల్లా 'పానం' అంది, 'కలేజ' అంది, ఒక్కోసారి రొమ్ము మీద చేయి వేసుకుని ఉంటుంది, టేపులో మెత్తగా చప్పుడు మాత్రం ఉంది. పొరపాటున జారిన చోటు ఒక్కటి దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. కోపంలో మాట్లాడింది, నవ్వుతూ మాట్లాడింది, నిద్రమత్తులో మాట్లాడింది, జ్వరంతో వచ్చి మాట్లాడింది. ఎక్కడా జారలేదు.

ముప్పై ఒకటో టేపు విన్నాక నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

అందులో ఆమె ఒక సంగతి చెప్పింది. రికార్డు చేసినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను గానీ, విన్నది శూన్యం. ఏదో ప్రమాదం కథ అని రాసుకున్నాను. గుట్ట మీద బండలు కొడుతుండగా పైనున్న పెద్ద గుండు ఊడి దొర్లి, కిందనున్న గుండయ్య మీదికి వచ్చిన రోజు అది.

"నీళ్లకు బోతున్న. పైకెల్లి సప్పుడైంది. సూస్తె ఊడింది. ఊడి కిందికి దొర్లుతున్నది. దొర్లి దొర్లి ఎటు బోతుందో సూసిన. దాని ముంగట మా ఎల్లేశం నాయిన ఉన్నడు, ఈపు ఇటు జేసి. ఒర్రిన. ఆయనకు ఇనబడది గద. బిందె ఇసిరిన. అందలె. నా పానం నోట్లెకొచ్చింది..."

ఇరవై నిమిషాలు చెప్పింది. దొర్లేది గుండు, దాని కింద పడబోయేది గుండయ్య, నోట్లోకొచ్చింది గుండె. కథంతా ఆ మాటతోనే నిండి ఉంది. ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా ఆ మాట లేదు. తడుముకోవడం లేదు, ఆగడం లేదు. అంత భయాన్ని మళ్లీ అనుభవిస్తూ, ఆ ఒక్క మాట చుట్టూ తిరిగి తిరిగి దాన్ని తాకకుండా నడిపించింది. చివరికి ఆ రాయి ఇంకో రాయికి తట్టుకుని ఆయనకు బెత్తెడు దూరంలో ఆగిందట. ఆయన వెనక్కి తిరిగి, "ఏందే, ఎందుకు నిలబడ్డవ్?" అన్నాడట.

అప్పుడు కూడా, ఆ దూరం నుంచి అరిచినప్పుడు కూడా, ఆమె పేరు పెట్టి అరవలేదు.

ఇంకో సంగతి కూడా ఆ ఎండలో నిలబడ్డాక గుర్తొచ్చింది. మా నాన్న పేరు రామచంద్రం. మా అమ్మ గుళ్లో దేవుడి ముందు నిలబడి కూడా 'స్వామీ' అనేదే తప్ప ఆ పేరెత్తేది కాదు. భజనలో అందరూ పాడుతుంటే పెదాలు మూసుకుని తాళం వేసేది. ఇరవై ఆరేళ్లు అది చూస్తూ పెరిగి, భాషాశాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకుని, కిష్టమ్మ దగ్గర ఏడాదిన్నర కూర్చుని నేను గుర్తుపట్టలేకపోయాను. తెలివితక్కువతనానికి పతకం ఉంటే అదీ నాకే రావాలి.

ముప్పై ఒకటో టేపు తీసుకెళ్లి మాస్టారి బల్ల మీద మిషను పెట్టాను. ఆయన వద్దన్నారు. విని తీరాలన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన విన్నారు. ఇరవై నిమిషాలు అయ్యాక మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు. రెండోసారి వింటూ కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. ఆమె ఆ మాటను తప్పించిన చోటల్లా ఒక గీత. ముప్పై ఎనిమిది గీతలు వచ్చాయి.

"సహజం కాదన్నాను కదూ" అన్నారు కలం కింద పెట్టి. "ఇంతకంటే సహజంగా ఎవరు మాట్లాడతారమ్మా?" తర్వాత కిటికీ వైపు చూస్తూ, "మా ఆవిడ ముప్పై ఏళ్లలో నన్ను పేరుతో పిలవలేదు. ఆవిడ కూడా ఏవో మాటలు తప్పించుకునే తిరుగుతుండాలి. ఏవో నాకు తెలియదు. ఎప్పుడూ వినలేదు" అన్నారు.

టేపులు ఉండిపోయాయి. నా సిద్ధాంత గ్రంథంలో కిష్టమ్మ మాటల జాబితా ఉన్నది ఉన్నట్టుగా వచ్చింది. 'కూసున్నది' మీద రాసిన ఇరవై పేజీలు చించేసి, ఆమె అనని మాటల మీద అరవై పేజీలు రాశాను. ఎనభై ఏడో అంకె పక్కన మాత్రం ఏమీ రాయకుండా ఖాళీ వదలమన్నారు మాస్టారు. పుస్తకం అచ్చయి వచ్చాక ఆ పేజీ తీసి కిష్టమ్మకు చూపించాను. పైనా కిందా అక్షరాలు, మధ్యలో తెల్లగా ఉన్న జాగా. దాని మీద వేలితో నిమిరి చూసింది. "ఇది నాదా?" అంది. నీదే అన్నాను. సంతోషించింది, కానీ కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనబడింది. సగం ఊడ్చిన వాకిలి చూస్తే ఆమె ముఖం అలాగే ఉండేది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో గుండయ్య మంచం పట్టాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల నిండా పేరుకుపోయిందన్నారు. దవాఖానకు రెండుసార్లు తీసుకెళ్లారు. మూడోసారి తీసుకెళ్లే పని పడలేదు. నేను వెళ్లి చూసొచ్చాను. కిష్టమ్మ ఏడవలేదు. గోడ మూలకు ఉన్న ఆయన సుత్తులను చూస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆమె మా షెడ్డుకు వచ్చింది. నుదుట బొట్టు లేదు. నేను గబగబా లేచి కుర్చీ వేశాను. ఎప్పుడూ కుర్చీలో కూర్చునేది కాదు, ఆ రోజు కూర్చుంది.

"మిషిని పెట్టు బిడ్డా."

"ఎందుకు కిష్టమ్మా?"

"పుస్తకంల ఖాళీ ఉన్నది గద. నింపుదాం. నా పని అధూర ఉంటె మంచిగుండది."

నాకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. వద్దు కిష్టమ్మా, పుస్తకం అచ్చయిపోయింది, ఇప్పుడు ఆ మాటతో ఎవరికీ అవసరం లేదు అన్నాను. ఆమె వినలేదు.

"ఇగ ఫికర్ ఏమున్నది? ఎవ్వరి ఆయుష్షు తగ్గుతది?" అంది, ఎంతో మామూలుగా.

నలభయ్యో టేపు చివర నాలుగైదు నిమిషాల జాగా ఉంది. దాన్నే ఎక్కించి, మైకు ఆమె ముందు పెట్టాను. చక్రాలు తిరగడం మొదలైంది. కిష్టమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచింది. పెదాలు కదిలాయి, గొంతు కదిలింది, శబ్దం లేదు. పదకొండు రకాల వానలు చెప్పిన మనిషి చిన్నపిల్లలా నా వైపు చూసింది.

"నోరు తిరుగుతలేదు బిడ్డా. ఎన్నడన్న అంటె గద. జర నువ్వు ముందుగాల అను. నీ ఎంబడి నేనంట."

ఎక్కడో రేపల్లె నుంచి వచ్చినదాన్ని, ఆమె ఊరి మాట ఆమెకు నేను నేర్పాలి. ఎలాగో అన్నాను. ఆమె నా పెదాల వైపే చూస్తూ విన్నది. మెల్లగా అంది. సగమే వచ్చింది. నేను మళ్లీ అన్నాను. ఆమె మళ్లీ అంది. ఈసారి కొంచెం తిరిగింది. ఏ మాటైనా మూడుసార్లు పలికించడం మా నియమం. నేను ఆపేయబోతుంటే ఆమే నా చేయి పట్టుకుని, "మూడుమార్లు గద" అంది.

మూడోసారి స్పష్టంగా వచ్చింది. నేను ముందు అనాల్సిన అవసరం లేకపోయింది. ఆ తర్వాత కిష్టమ్మ ఆగలేదు. నాలుగోసారి అంది, అయిదోసారి అంది, ముప్పై ఏళ్లు దాచుకున్నదంతా వరసగా అంటూనే పోయింది. టేపు అయిపోయి, దాని కొస చక్రం మీద టపటపా కొట్టుకుంటున్నా ఆమె ఇంకా అంటూనే ఉంది.